ఏది పని, ఏది కాదు

సర్వే డేటా సరిచూసి కోడింగ్ చేయడం, అంటే ఒక్కో జవాబుకు ఒక్కో అంకె వేయడం, నా ఉద్యోగం. "మీరేం పని చేస్తారు?" అన్న చోట "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అని చెప్పినవాళ్లందరికీ ఒకటే కోడ్: పని చేయనివారు. తెల్లారకముందు మొదలయ్యే వంట, పిల్లలు, మంచంపట్టిన పెద్దవాళ్లు, అన్నీ ఆ ఒక్క అంకెలో గల్లంతు. మరి ఈ కోడ్ పెట్టినవాళ్లు ఏ విలువలూ లేకుండానే పెట్టారా?

2013లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సదస్సు జీతం లేని ఇంటిచాకిరీని కూడా 'పని' నిర్వచనంలోకి తెచ్చింది. (ఉపాధిగా మాత్రం లెక్కించలేదు, అది వేరే కథ.) చేసే చాకిరీ ఏం మారలేదు, గీత పక్కకు జరిగిందంతే. ఆ గీత ఎక్కడ గీయాలో డేటా చెప్పదు.

ఏ ప్రశ్న అడగాలో ఎంచుకునేది మన విలువలేనని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904లోనే ఒప్పుకున్నాడు. జవాబును మాత్రం వాటికోసం వంచొద్దన్నాడు. నాకు ఈ రెండోదే కష్టం. నచ్చని అంకె వస్తే ఫిల్టర్ (ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న షరతు) మార్చి మళ్లీ రన్ చేయాలని చేతులు దురదపెడతాయి. నచ్చిన అంకెను ఎవరూ రెండోసారి చూడరు, అసలు గొడవ అదీ. అందుకే ఏ కోడ్ ఎందుకు పెట్టామో రిపోర్టులోనే రాద్దామని మీటింగుల్లో పోరుతుంటాను. పేజీలు పెరుగుతాయంటారు.