లీటరుకి అయిదు

“ఎంతిస్తాది సార్?” నా మస్టాంగ్ స్పోర్ట్స్ కారుకి పెట్రోలు కొడుతూ కుర్రాడు అడిగేశాడు. లీటరుకి అయిదో ఆరో కిలోమీటర్లు అన్నాను. నాజిల్ పట్టుకుని అలాగే నా ముఖంలోకి చూశాడు. “నా బండి నలభై అయిదు ఇస్తాది” అన్నాడు, జాలిగా.

ఒడిశా బరంపురంలో ఉన్నందుకు ఒక్క లాభం. ఇచ్ఛాపురం వెళ్లి ఆంధ్రలో కొట్టించే కంటే ఇక్కడ లీటరుకి 7, 8 రూపాయలు తక్కువ. 60 లీటర్ల ట్యాంకు మరి! మస్టాంగ్ కొన్నవాడు పెట్రోలు రేటు లెక్కేసుకుంటున్నాడని మావాళ్లకి ఒకటే నవ్వు.

నిజానికి పెట్రోలు కాదు భయం. ఇంజనాయిల్ మారిస్తే ఏడున్నర లీటర్లు పడుతుంది. నాన్న ఆల్టోకి 3 లీటర్లతో సరి. వెనక టైర్లు ముందువాటి కంటే వెడల్పు, కాబట్టి అటూ ఇటూ మార్చి కొన్నాళ్లు లాగించే వీలూ లేదు. ఇన్సూరెన్సు కట్టే రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడను.

అయితే పొద్దున్నే గోపాల్‌పూర్ రోడ్డు ఖాళీగా దొరికిందనుకోండి... స్టీరింగ్ వెనక మీట లాగి గేరు దించగానే 8 సిలిండర్లూ ఒక్కసారి గొంతెత్తుతాయి. వీపు సీటుకి అతుక్కుపోతుంది. అప్పుడు బిల్లులేవీ గుర్తుండవు.

అంతలోనే స్పీడ్‌బ్రేకర్. బండి మరీ కిందికి ఉంటుంది కాబట్టి ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కించి దించాలి. వెనక ఆటోవాడు ఒడియాలో ఏదో అంటాడు. అర్థం కానట్టే ఉంటాను.

అమ్మ మాత్రం మార్కెట్‌కి ఆటోలోనే వెళ్తుంది. ఇందులో కూర్చుంటే మళ్లీ లేవడానికి ఇద్దరు కావాలట.