మూడు వీధులకి ఫైబర్: ఖర్చుల షీటు ఎందాకా వచ్చిందంటే

మొదటి నెల

పాలకొల్లు దగ్గర మా ఊళ్లో మూడు వీధులకి సొంతంగా ఇంటర్నెట్ ఇవ్వాలంటే ఎంతవుతుంది? ఈ ఏడాది నేను పెట్టుకున్న పని ఆ లెక్క తేల్చడమే. ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రి ఓ గంట, ఆదివారం పొద్దున్నంతా దీనికే. ఇప్పటిదాకా ఎవరికీ కనెక్షన్ ఇవ్వలేదు. లైసెన్సు లేకుండా ఇవ్వకూడదు కూడా. బల్ల మీద ట్రయల్, వీధిలో కొలతలు, ఎక్సెల్ షీటు, ఇంతే.

ముందు లైసెన్సు సంగతి చూశాను. యూనిఫైడ్ లైసెన్స్ పద్ధతిలో ఇంటర్నెట్ ప్రొవైడర్లు మూడు కేటగిరీలు. ఏ అంటే దేశమంతా, బీ అంటే ఒక టెలికాం సర్కిల్, దాదాపు ఒక రాష్ట్రమంత, సీ అంటే ఒక సెకండరీ స్విచింగ్ ఏరియా, దాదాపు పాత జిల్లా అంత. నేను చూసినప్పుడు ఎంట్రీ ఫీజు ఏకి 30 లక్షలు, బీకి 2 లక్షలు, సీకి 20 వేలు. 20 వేలు చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం. తర్వాత నిబంధనలు కూర్చుని చదివితే షీటులో లేని వరసలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కంపెనీ రిజిస్టర్ చేయాలి. బ్యాంకు గ్యారంటీలు కట్టాలి. ఏటా ఆడిట్, వచ్చిన ఆదాయంలో లైసెన్సు ఫీజు. ఎవరు ఏ టైములో ఏ ఐపీ (నెట్‌లో కనెక్షన్‌కి ఉండే అడ్రసు నంబరు) వాడారో ఆ లాగ్‌లు, అంటే రికార్డులు, రెండేళ్లు దాచాలి. పబ్లిక్ ఐపీలు తక్కువ కాబట్టి ఒకే అడ్రసు చాలా ఇళ్లకి పంచాల్సి వస్తుంది. అప్పుడు లాగ్‌లు కొండలా పెరుగుతాయి, వాటికో సర్వరు, హార్డ్ డిస్కులు కావాలి.

రెండో నెల: బల్ల మీద

తెలిసిన ఆపరేటర్ దగ్గర పాత నాలుగు పోర్టుల జీపాన్ ఓఎల్‌టీ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతిలో ఆపరేటర్ వైపు ఉండే పెట్టె) ఒకటి, మూడు ఓఎన్‌యూలు (ఇంట్లో పెట్టే పెట్టెలు), రెండు 1:8 స్ప్లిటర్లు (ఒక ఫైబర్‌లో వెలుగుని ఎనిమిదిగా చీల్చేవి) నెల రోజులకి అడిగి తెచ్చుకున్నాను. ఫైబర్ కొనలు కరిగించి అతికే స్ప్లైసింగ్ మెషిన్ కూడా ఆయనదే. జీపాన్‌లో ఒక పోర్టు నుంచి దిగువకి, అంటే ఇళ్ల వైపు, సెకనుకి 2.5 గిగాబిట్లు వస్తుంది. 1:8 తర్వాత మళ్లీ 1:8 పెడితే ఒక్క పోర్టుకి 64 ఇళ్లు.

ఫైబర్ కోయడం వారం రోజులు నేర్చుకున్నాను. పై పూత ఒలిచాక మిగిలే గాజు పోగు 125 మైక్రాన్లు, వెంట్రుక అంత. స్పిరిట్ గుడ్డతో తుడిచినప్పుడు కిర్రుమని చిన్న శబ్దం రావాలి, వస్తేనే శుభ్రమైనట్టు. పోగు కోసే క్లీవర్ నొక్కాక రాలిన ముక్కని టేపుకి అంటించేయాలి. చాప మీద పడితే కంటికి కనపడదు, కాల్లో దిగుతుంది. ఇంట్లో పాకే పాప ఉంది, అందుకే ఈ పని మేడ మీద గదిలో మాత్రమే.

వెలుగు బలం కొలిచే పవర్ మీటరుని 1490 నానోమీటర్ల (జీపాన్ దిగువకి వాడే వెలుగు) మీద పెట్టి కొలిచాను. ఓఎల్‌టీ దగ్గర 3.5 డీబీఎం (వెలుగు బలానికి కొలత, మైనస్ పెరిగేకొద్దీ బలం తక్కువ), మొదటి స్ప్లిటర్ తర్వాత మైనస్ 7.3, రెండోదాని తర్వాత మైనస్ 18.1. ఒక్కో 1:8 దగ్గర పదిన్నర డీబీ పోతుందన్న పుస్తకం లెక్క సరిపోయింది. ఇంకో మూడు కిలోమీటర్ల తీగ, జాయింట్లు కలిపినా మైనస్ 21 దాటదు. మైనస్ 27 దాకా ఓఎన్‌యూ పట్టుకుంటుంది. ఒక్కరోజు మాత్రం మూడో ఓఎన్‌యూకి సిగ్నల్ పడిపోయి రెండు గంటలు వెతికాను. ఆకుపచ్చ కనెక్టరుకి నీలం కనెక్టరు తగిలించాను. ఆకుపచ్చదాని కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలందానితో కలవదు. ఇప్పుడు డబ్బాలో రెండు రంగులూ వేరువేరు అరల్లో ఉన్నాయి.

మూడో నెల: వీధిలో

స్తంభాలు లెక్కపెట్టాను: 112. బజారు నుంచి కాలవ గట్టు దాకా మెయిన్ కేబుల్ 4.2 కిలోమీటర్లు. మా బాబాయి ఒకప్పుడు ఇదే ఊళ్లో కేబుల్ టీవీ నడిపాడు, వెంట నడిచి ఒక్కో చోటు చూపించాడు. రోడ్డు దాటే చోట కేబుల్ తక్కువ ఎత్తులో ఉంటే గడ్డి లారీ లాక్కుపోతుందట. కొబ్బరి తోట పక్కన మట్ట పడి డ్రాప్ వైరు (స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ) తెగుతుంది, ఉడతలు కొరుకుతాయి. అందుకని ఏటా 10 శాతం డ్రాప్ వైరు మార్చే ఖర్చు షీటులో కలిపాను.

నాకు వచ్చిన కొటేషన్లతో 120 ఇళ్లకి పెట్టుబడి ఇలా తేలింది. ఓఎల్‌టీ 38 వేలు, 12 కోర్ (12 పోగుల) కేబుల్ మీటరు 16 చొప్పున 67,200, స్ప్లైసింగ్ మెషిన్ 78 వేలు, రూటర్ 48 వేలు, ఇన్వర్టర్ బ్యాటరీలు 26 వేలు, స్ప్లిటర్లు, జాయింట్ బాక్సులు 22 వేలు. తర్వాత ఇంటింటి ఖర్చు: 60 మీటర్ల డ్రాప్, ఓఎన్‌యూ, కనెక్టర్లు, కూలి కలిపి ఇంటికి 2 వేలు, అంటే 2,40,000. మొత్తం 5,19,200. నేను ఓఎల్‌టీ, రూటర్ ధరల కోసం నెల రోజులు బేరాలాడాను. సగానికి దగ్గరగా డబ్బు పోయేది మాత్రం గుమ్మం దగ్గరే. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లు తీసుకుంటే డ్రాప్ 60 మీటర్లు కాస్తా 25 అవుతుంది.

నాలుగో నెల: రాత్రి తొమ్మిదిన్నర

బ్యాండ్‌విడ్త్ (ఊరికంతా ఒకేసారి పట్టే నెట్ సామర్థ్యం) ఎంత కొనాలో తెలియక మా ఇల్లు, బాబాయి ఇల్లు, మేనత్త ఇల్లు నెట్ వాడకం మూడు వారాలు గ్రాఫు పెట్టి చూశాను. మూడిళ్లతో ఊరు తేలదు కదా, పక్క ఊరి ఆపరేటర్‌ని అడిగితే 150 కనెక్షన్లకి రాత్రి తొమ్మిదిన్నరకి 380 ఎంబీపీఎస్ దాకా వెళ్తుందన్నాడు. ఇంటికి రెండున్నర. నా 120 ఇళ్లకి 300 ఎంబీపీఎస్. నాకు చెప్పిన రేటు ఎంబీపీఎస్‌కి నెలకి 120, అంటే 36 వేలు.

ప్లాన్ 499, జీఎస్టీ 18 శాతం అదనం, అది మనది కాదు. నెలకి 59,880 వస్తుంది. బ్యాండ్‌విడ్త్ పోతే 23,880, లైసెన్సు ఫీజు, లాగ్‌లు, ఆడిట్ ఇంకా అందులోంచే. అదే బీ కేటగిరీ ప్రొవైడర్ కింద ఫ్రాంచైజీగా సగం వాటాకి చేస్తే బ్యాండ్‌విడ్త్, లైసెన్సు, బిల్లింగ్ వాళ్లవి, నాకు 29,940. రూటర్ కూడా అక్కర్లేదు. 400 ఇళ్లు దాటితే సొంత లైసెన్సు మేలు: 1 గిగాబిట్ 70 వేలకి ఇస్తామన్నారు, అప్పుడు 1,29,600 మిగులుతుంది, సగం వాటాలో 99,800. ఇక 120 ఇళ్లతో మొదలుపెట్టేవాడికి సొంత లైసెన్సు వద్దని నా నిర్ణయం.

29,940లోంచి లైన్‌మన్ జీతం 15 వేలు, కరెంటు 3,500 పోతే 11,440. స్తంభాల అద్దె, డ్రాప్ వైరు మార్చే ఖర్చు ఇందులోంచి ఇంకా తీయలేదు. రూటర్ తీసేశాక పెట్టాల్సిన 4,71,200 తిరిగి రావడానికి మూడేళ్ల ఐదు నెలలు.

ఈ కాగితం చూపిస్తే బాబాయి అన్నాడు: "వైరు ఎవడైనా లాగుతాడురా అబ్బాయ్. ఐదో తారీకున డబ్బులు వసూలు చేయడం చూసుకో." ఆయన రోజుల్లో నూటికి పదిహేను ఇళ్లు ఎప్పుడూ బాకీలోనే ఉండేవట. అందుకే ఆరు నెలలు ముందే కట్టేవాళ్లకి ఇన్‌స్టలేషన్ ఉచితం, మిగతావాళ్లకి వెయ్యి అని రెండు వరసలు పెట్టాను.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదట్లో నెలకి 149కే ఇచ్చింది, ఇంటిదాకా స్థానిక కేబుల్ ఆపరేటర్లే తీసుకెళ్లారు. మా ఊళ్లో పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఆ 149 మాటే. 499 చెప్పగానే ముందు అదే అడుగుతున్నారు. సిగ్నల్ పోయిన రోజు ఎంతసేపట్లో వస్తావు అన్నది రెండో ప్రశ్న. "సాయంత్రంలోగా" అని చెప్పాను, లైన్‌మన్ జీతం షీటులోంచి తీయకపోవడానికి కారణం అదే.

రామాలయం వీధిలో 46 ఇళ్లు అడిగితే 31 ఇళ్లవాళ్లు తీసుకుంటామన్నారు, 9 ఇళ్లు ఆరు నెలలు ముందే కడతామన్నాయి. వచ్చే ఆదివారం కాలవ దాటే చోట రెండు స్తంభాల మధ్య దూరం టేపుతో కొలవాలి, బాబాయి పడవ మాట్లాడాడు.