ఇరవై చింతగింజలు

బాలానగర్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి సీతాఫలాల బుట్టలు లోపలికి వచ్చేశాయి. ఈ ఊరి పేరు మీద 'బాలానగర్' అని ఒక సీతాఫలం రకమే ఉంది, బయటి రాష్ట్రాల్లో కూడా తోటలు వేస్తారు. పాలమూరులో పుట్టిన నాకే ఆ సంగతి ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఒక చిన్న బుట్ట కొన్నాను. మా పాప ఒక పండు తీసుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, దాని మీది కళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్దెనిమిది దాకా రావడం, పండు తిప్పగానే ఎక్కడ మొదలుపెట్టిందో మరిచిపోవడం, మళ్ళీ ఒకటి. జడ్చర్ల దాకా అదే పని.

ఆ కళ్ళద్దాల వల్లే ఈ ప్రయాణం. ఐదేళ్ళు కూడా నిండని పిల్లకు షార్ట్ సైట్ ఏమిటని నేను టెన్షన్ పడుతుంటే, కంటి డాక్టరమ్మ మాత్రం తాపీగా "ఫోన్ తగ్గించండి, పగటిపూట బయట ఆడించండి" అంది. నాకు దేనికైనా లెక్క కావాలి, అదో జబ్బు. ఇంటికొచ్చి వెతికితే చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన కనిపించింది. 2015లో అచ్చయింది. 12 బడులు తీసుకుని, ఆరింటిలో రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ ఒకటి అదనంగా పెట్టారు. మూడేళ్ళలో మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా షార్ట్ సైట్ వస్తే, బయట తిరిగిన బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది. వచ్చిన అద్దాలు ఎలాగూ పోవు, కానీ రెండోవాడు ఉన్నాడు కదా ఇంట్లో, ఏడాదిన్నర వాడు.

బయట ఆడించడం అంత తేలికేం కాదు. మా మియాపూర్ అపార్టుమెంట్లో పిల్లల కోసం అని ఉన్నది ప్లాస్టిక్ గడ్డి పరిచిన పన్నెండు అడుగుల ముక్క. మధ్యాహ్నం దాని మీద కాలు పెడితే కాలుతుంది. పాప వెళ్ళే ప్లే స్కూలు డైరీలో పోయిన నెల ఒకరోజు ఇలా రాసి పంపారు: మీ పాప ఈరోజు పూలకుండీలో మట్టి తవ్వింది, దయచేసి ఇంట్లో చెప్పగలరు. నేను కూడా బుద్ధిగా 'చెప్పాం' అని సంతకం పెట్టాను.

మా అక్క అంగన్‌వాడీ టీచరు. దేవరకద్ర దారిలో ఒక ఊళ్ళో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. ఫోన్లో సంగతంతా చెబితే ఒక్క ముక్కలో తేల్చేసింది. "శనివారం తీస్కరా తమ్మీ. నా పిల్లల్ల కలిపేస్త."

అంగన్ అంటే హిందీలో ముంగిలి. 1975 అక్టోబర్ 2న పసిపిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం ఐసీడీఎస్ పథకం పెట్టినప్పుడు ఈ కేంద్రాలకు ఆ పేరే పెట్టారు. మా అక్క మాత్రం మొదటి పదేళ్ళూ ముంగిలి లేని అంగన్‌వాడీలో పనిచేసింది. పది బై పన్నెండు అద్దె గది, అందులోనే పొయ్యి, బియ్యం మూటలు, బరువు తూచే మిషను, మిగిలిన జాగాలో పిల్లలు. రాష్ట్రంలో ఉన్న 35,700 కేంద్రాల్లో ఇప్పటికీ అద్దె గదుల్లో నడిచేవి చాలానే ఉన్నాయి. అక్క కేంద్రం తర్వాత ప్రైమరీ స్కూలు ఆవరణలోకి మారింది. ఒక గది, వరండా, దాని ముందు రెండు వేపచెట్లు, ఒక ముసలి చింతచెట్టు. ప్రహరీ అవతల చేను గట్ల మీద గునుగు తెల్లగా పూసి ఉంది. బతుకమ్మకు ఇంకా పది రోజులే.

శనివారం తొమ్మిదిన్నరకు ఇరవై మందిదాకా పిల్లలు చేరారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోబోతుంటే అక్క వచ్చి నా చేతిలో చింతగింజలు పోసింది. లెక్కపెట్టి ఇరవై.

"ఏంటక్కా ఇవి?"

"ఊకె కూసో. పోరి దిక్కు చూసి 'వద్దు' అంటె ఒక గింజ ఆయమ్మకు ఇయ్యాలె. 'జాగ్రత్త' అన్నా, 'పడ్తవ్' అన్నా ఒక్కటే లెక్క. కొత్తగ వచ్చే తల్లులందరికి ఇదే పరీక్ష."

నవ్వాను. కూర్చున్న పావుగంటలో ఆరు పోయాయి.

మొదటిది ఇసుక దగ్గర. వేపచెట్టు కింద ఇసుక కుప్ప, పక్కన నీళ్ళ తొట్టి, కొబ్బరి చిప్పలు, పెరుగు డబ్బాలు, పాత గరిటెలు. ఇంతే సామాను. పాప తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చోగానే నా నోరు దానంతట అదే తెరుచుకుంది. రెండోది చీమల బారు దగ్గర. మూడోది, ఒక పిల్లవాడు ముక్కు తుడుచుకున్న చేత్తోనే పాపకు డబ్బా అందించినప్పుడు. ఈ మూడోదానికి గింజ ఇవ్వడం అన్యాయమని ఇప్పటికీ అంటాను.

ఆ కుప్ప దగ్గర జరుగుతున్నది వంట ఆట అనుకున్నాను, మా చిన్నప్పటి బొమ్మరిల్లు లాగా. కాదు, స్లాబ్ వేస్తున్నారు. ఒకడు ఇసుకా నీళ్ళూ కలిపి మాలు చేస్తుంటే, నలుగురు వరుసగా నిలబడి డబ్బాలు చేతులు మార్చుకుంటూ అందిస్తున్నారు. ఆఖరివాడు వరండా మెట్టు మీద కుమ్మరించి చెక్కముక్కతో చదును చేస్తున్నాడు. మధ్యలో ఎవడో "మాలు పల్చగయింది, సిమెంటు ఎయ్యి" అని అరిచాడు. ఈ పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో ముంబైలోనో సెంట్రింగ్ పనుల మీద ఉన్నారు. వీళ్ళు అవ్వల దగ్గర ఉంటారు, వేసవిలో ఆ సైట్ల మీదికి వెళ్ళి వస్తారు. పాలమూరు లేబర్ కట్టిన అపార్టుమెంటు నుంచి వచ్చిన మా పిల్లకు ఇవేవీ తెలియవు. కాసేపు చూసి, ఒక పలకరాయి ఒళ్ళో పెట్టుకుని దాని మీద వేళ్ళు ఆడించడం మొదలుపెట్టింది. రోజూ నేను చేసేది అదే మరి. వాళ్ళకు ఆ ఆట అర్థం కాలేదు. అద్దాలు చూసి "ఇంజనీరు మేడం" అని పేరు పెట్టి పనిలో కలుపుకున్నారు. పది నిమిషాల్లో మేడం కూడా మాలు మోస్తోంది.

అక్క ఈలోపు ఏం నేర్పుతోందా అని చూశాను. ఏమీ నేర్పడం లేదు. కొబ్బరి చిప్పతో డబ్బా నింపుతున్న పిల్ల దగ్గర కూర్చుని "ఎన్ని చిప్పలకు నిండుతది?" అంది, అంతే. పిల్ల నాలుగంది. ఆరు పట్టాయి. పక్కన ఇంకో డబ్బా పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఈసారి ఆ పిల్ల డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, చెప్పకుండా ముందు నింపడం మొదలుపెట్టింది.

పదకొండింటికి ఒక తల్లి వచ్చింది. కొడుకును తీసుకుపోవాలి, చుట్టాలింటికి వెళ్తున్నారట. కాసేపు ఇసుక దిక్కు చూసి అననే అంది. "మేడం, మావోడు వచ్చి ఏడాదాయె. ఏబీసీడీలు రాకపాయె. మట్టిల ఆడుడే అయితె మా ఇంటి ముంగట లేదా మట్టి?"

చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ప్రైవేటు బడి వ్యాన్లు తిరుగుతున్నాయి, నర్సరీ పిల్లలకు కూడా టై కడతాయి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాసి ఉంది, ట్రైనింగుల్లో అక్కకు చెప్పే ఉంటారు. అక్క ఆ లెక్క తీయలేదు. ఒక పళ్ళెంలో కందులు, పెసర్లు, చింతగింజలు కలిపి పోసి ఆ పిల్లవాడి ముందు పెట్టింది. వాడు మూడు కుప్పలు చేయడం మొదలుపెట్టాడు. చింతగింజలను పిడికిలితోనే తీశాడు. కందులకు రెండు వేళ్ళు. పెసర్ల దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు, చూపుడువేలు ముక్కులా దగ్గరకొచ్చి, మధ్యవేలు కింద ఆసరాగా నిలిచింది. అక్క అప్పుడు వాడి చేతికి సుద్దముక్క ఇచ్చింది. అవే మూడు వేళ్ళు, అలాగే పట్టుకున్నాయి.

"చూసినవా? పోయినేడు సుద్దముక్క ఇస్తె పిడికిల్ల పట్టిండు. డబ్బాలు మోసి భుజం గట్టివడాలె, ఇసుక పిసికి మణికట్టు తిరగాలె, ఆఖరికి వేలు. వేలు దారికొచ్చినంక ఏబీసీడీ ఎంతసేపు?"

ఆ తల్లి కొడుకు చేతినే చూస్తూ నిలబడింది. "అయితె ఈ ఏడు ఉంచుత. వచ్చే జూన్ల వ్యాన్ బడికే" అని వాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది. అక్క దాన్ని గెలుపుగానూ తీసుకోలేదు, ఓటమిగానూ తీసుకోలేదు. ఫోను పట్టుకుని ప్రహరీ మూలకు నడిచింది. పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు ఎక్కించాలి, సిగ్నల్ ఆ మూలనే దొరుకుతుంది. ఆ ఆవరణ మొత్తంలో స్క్రీన్ చూస్తూ కూర్చోవలసింది టీచరొక్కతే.

కళ్ళద్దాలు పోయింది అప్పుడే. 'నేల-బండ' ఆడుతున్నారు. దొంగ నేల మీద ఉన్నవాళ్ళనే పట్టుకోవాలి, బండ ఎక్కినవాళ్ళ జోలికి పోకూడదు. పాప ఎగిరి వరండా ఎక్కుతుంటే చూశాను, ముఖం మీద అద్దాలు లేవు. పదిహేను రోజుల క్రితం కొన్నవి, మూడు వేల ఎనిమిది వందలు. ఇసుక కుప్పలో ఉంటాయని నేనే వంగి తవ్వబోతే ఆయమ్మ ఆపింది, తొక్కితే పగులుతాయని. అక్క పిల్లలను వరుసగా నిలబెట్టి, చేతులు పట్టించి, ఒక్కో అడుగూ నేల చూసుకుంటూ నడిపించింది. మొదటిసారి నడిస్తే ఒక రబ్బరు బ్యాండు, రెండు సీసా మూతలు, ఒక ఎండిన గొంగళిపురుగు దొరికాయి. గొంగళిపురుగు దగ్గర వెతుకులాట ఆగిపోయింది. దానికి ఎన్ని కాళ్ళున్నాయన్నది తేలితే గానీ ఎవరూ కదలలేదు. నేను అసహనంగా పాపను "ఎక్కడ పెట్టావో గుర్తు తెచ్చుకో" అని కసిరాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, వేపచెట్టు తక్కువ కొమ్మ వైపు చెయ్యి చూపించింది. ఆకుల మధ్య చక్కగా తగిలించి ఉన్నాయి. "చెమటకి జారుతున్నాయి నాన్నా. అందుకని చెట్టుకు పెట్టాను." ముందే అడిగి ఉండొచ్చు కదా అన్నట్టు ఆయమ్మ చెయ్యి చాపింది. కసిరినందుకు ఒక గింజ.

ఒంటిగంటకు అన్నం, పప్పు, గుడ్డు. ఇంట్లో గుడ్డులో పచ్చసొన తీసేస్తే గానీ తినని పిల్ల మొత్తం తినేసింది. దీన్ని నేను గొప్పగా చెప్పను, అక్కడ తీసేయమని అడగడానికి ఎవరూ దొరకలేదంతే. తర్వాత చాపలు పరిచి పిల్లలను పడుకోబెట్టాక అక్కకు నా లెక్కల జబ్బు చూపించాను. కిండర్‌గార్టెన్ అంటే జర్మన్‌లో పిల్లల తోట. ఫ్రోబెల్ అనే జర్మన్ పంతులు 1837లో బడి పెట్టి, 1840లో దానికి ఆ పేరు పెట్టాడు. నిజంగానే ప్రతి పిల్లకూ ఒక చిన్న మడి ఇచ్చేవాడు. మా వీధిలో ఉన్న కిండర్‌గార్టెన్ మూడో అంతస్తులో ఉంది. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ తర్వాత మహారాష్ట్రలోని కోస్‌బాడ్ కొండల్లో అనుతాయి వాఘ్‌తో కలిసి, పశువులు కాసే ఆదివాసీ పిల్లల కోసం బడినే మేత బీళ్ళకు తీసుకెళ్ళారు.

అక్క సగం నిద్రలో వింది. "బర్లకాడికే పోయిందా టీచరమ్మ? మంచిగ చేసింది" అని అటు తిరిగి పడుకుంది.

ఆదివారం పిల్లలమర్రికి వెళ్ళాం. మహబూబ్‌నగర్ పట్నానికి నాలుగు కిలోమీటర్లు. (సూర్యాపేట దగ్గర ఇంకో పిల్లలమర్రి ఉంది, కాకతీయుల కాలపు గుళ్ళు ఉన్నది. ఫోన్లో మ్యాప్ పెట్టేటప్పుడు చూసుకోండి, లేకపోతే జిల్లాలు దాటిపోతారు.) ఏడు వందల ఏళ్ళ చెట్టంటారు, మూడెకరాల దాకా పరుచుకుంది. దూరం నుంచి చిన్న పచ్చని గుట్టలా కనిపిస్తుంది. ఏది మొదటి మానో, ఏది ఊడ దిగి మానయిందో నాకు తెలియలేదు. అందుకే పిల్లలమర్రి అన్నారేమో. ఐదో తరగతిలో బడి నుంచి తీసుకొచ్చినప్పుడు మేమంతా ఈ ఊడలు పట్టుకుని ఊగాం. ఒక కొమ్మ మీద నా పేరు కూడా చెక్కాను, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. లోపలంతా చెదలు. మరుసటి ఏడాది కొమ్మలకు సీసాలు వేలాడదీసి, రోగికి సెలైన్ ఎక్కించినట్టు చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఊడలకు పైపులు తొడిగారు, బరువైన కొమ్మలకు దిమ్మెలు కట్టారు.

ఇప్పుడు కంచె ఇవతల నుంచే చూడాలి. పాప కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి ఒక ఊడ అందుకోబోయింది. "వద్దు" అన్నాను. అని, జేబులో చెయ్యి పెట్టాను.

"ఇది లెక్కల రాదు తియ్" అంది అక్క. "గది ముసలిది, పానం బాగలేదు." పాపను మాత్రం ఎత్తుకుని చెవిలో ఏదో చెప్పింది. ఆ తర్వాత పాప చెయ్యి చాపలేదు, రాలిన మర్రిపండ్లు ఏరుకుంటూ కంచె వెంబడే నడిచింది.

సాయంత్రం మహబూబ్‌నగర్ బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం కూర్చున్నాం. ఆదివారం రద్దీ, నిండిన బస్సులే వస్తున్నాయి. పాప వచ్చి నా జేబులో చెయ్యి పెట్టి చూసింది. ఒకటే గింజ మిగిలి ఉంది. తీసుకుని కింద గచ్చు మీద కూర్చుంది. కొత్త గౌను. నేను పైకి చూస్తూ కూర్చున్నాను. బరబరా చప్పుడు వినిపిస్తోంది, అరిగిస్తోంది. రెండు నిమిషాలు రుద్ది రుద్ది లేచి, గింజను నా మోచేతి మీద అదిమింది.

చురుక్కుమంది. ఎగిరి పడ్డాను. పక్క బల్ల మీదున్న పెద్దాయన పెద్దగా నవ్వాడు.

"ఎవరు నేర్పారే ఇది?"

"స్లాబ్ వాళ్ళు" అంది, మళ్ళీ గచ్చు మీద కూర్చుంటూ.