కేకులో గుడ్డు ఉందా అని అడిగాను కానీ

ఈరోజు ఆదివారం కనుక యథాప్రకారం భోజనం వాళ్ళింట్లోనే. ఎవరింట్లోనో మీకు చెప్పనక్కరలేదు. మా చిన్నవాడు బడి సంచిలో పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టుకుని మరీ రాత్రి పడుకోవడానికి వెళ్ళే ఇల్లు డాలస్ మొత్తానికి అదొక్కటే. గుత్తివంకాయ బాగుంది, ఆవడలు ఇంకా బాగున్నాయి. అంతా సర్దుకుని నిద్రపోవలసిన వేళ ఇలా కూర్చుని రాస్తున్నానంటే, దానికి కారణం పెరుగన్నం దగ్గర ఆ ఇంటాయన అన్న ఒక్క మాట.

"శనివారం మావాడిని రేంజికి తీసుకువెళుతున్నాను వదినా, మీవాడిని కూడా పంపండి. పాయింటు 22 రైఫిలు, పెద్ద చప్పుడు కూడా ఉండదు."

రేంజి అంటే తుపాకి కాల్చడం సాధన చేసే చోటు. నేను గతుక్కుమన్నాను. ఈయన మాత్రం మజ్జిగ పోసుకుంటూ "చూద్దాంలే" అన్నారు. ఈయన చూద్దాంలే అన్న పనులన్నీ చివరికి ఎవరు చూడవలసి వస్తుందో నన్ను చదివేవారికి కొత్తగా చెప్పాలా?

నా ముఖం చూసి కాబోలు, ఆయన కొడుకుని పిలిచి "ఆంటీకి ఆ నాలుగు నియమాలూ చెప్పు" అన్నారు. పదేళ్ళ పిల్లవాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఇంగ్లీషులోనే అనుకోండి, పన్నెండో ఎక్కం అప్పజెప్పినట్టు తడుముకోకుండా చెప్పాడు. ఏ తుపాకిలోనైనా తూటా ఉన్నట్టే అనుకోవాలి. కాల్చదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకూడదు. గురికి వెనకాల ఏముందో చూసుకోవాలి. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. మా చిన్నవాడైతే సముద్రం దాటి వచ్చిన హనుమంతుణ్ణి వానరులు చూసినట్టు వాడినే చూస్తున్నాడు.

ముచ్చట అక్కడితో సరి. ఆ తరువాత మొదలైంది అసలు చిరాకు. నేను "ఇంత చిన్న వయసులో ఎందుకండీ" అన్నానో లేదో, "వదిన మరీ భయస్తురాలు" అని ఆయన నవ్వారు, ఆయనతోపాటు ఈయన కూడా నవ్వారు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్ళకే, 2018లో, పెద్దవాళ్ళను ఓడించి ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ కాలేదా, ఆసియా క్రీడల్లో పతకాలు తేలేదా, లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్ ఎక్కడివాడు, అని నాకు పాఠం చెప్పారు. ఆ అమ్మాయి గురి నేర్చుకున్నది శిక్షకుల కళ్ళెదుట, పదిమీటర్ల దూరాన కాగితపు వలయం మీద. ఆ ఆటకు పడకగదిలో తుపాకి ఉంచుకోవడానికి సంబంధమేమిటి? ఈ సమాధానం నాకు వెంటనే తట్టి ఉంటే ఎంత బాగుండేది. నా సమాధానాలన్నీ కారెక్కి బెల్టు పెట్టుకున్న తరువాతే వస్తాయి.

పడకగది అని ఎందుకు అన్నానంటే, మాటల్లో తేలిన రెండో సంగతి అది. ఆ ఇంట్లో ఉన్నది రైఫిలు ఒక్కటే కాదు, చేతి తుపాకి కూడా ఉంది, అది వచ్చి రెండేళ్ళు దాటింది. 2023 మేలో డాలస్ పక్కనున్న ఆలెన్ ఊరి మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిదిమంది చనిపోయినప్పుడు, అందులో మన తెలుగమ్మాయి కూడా ఉన్నప్పుడు, ఇక్కడ ఇళ్ళల్లో ఎలాంటి భయం పట్టుకుందో అప్పట్లో నేనే రాశాను. ఆ భయంతోనే ఆయన కొన్నారట. భయస్తురాలు అని నన్ను అన్నవారు కూడా ఆయనే, అది వేరే సంగతి.

అంటే ఈ రెండేళ్ళలో మావాడు ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకున్నాడో లెక్కపెడుతూ ఇంటికి వచ్చాను. మొదటిసారి పంపినప్పుడు నేను అడగని ప్రశ్న లేదు. కేకులో గుడ్డు ఉంటుందా, కుక్క కరుస్తుందా, ఈతకొలనుకు కంచె ఉందా, టీవీ ఎన్నింటికి కట్టేస్తారు. పిల్లల డాక్టరు దగ్గర ఏటా నింపే కాగితంలో ఇంట్లో తుపాకి ఉందా అన్న గడి ఒకటి ఉంటుంది. దాని ఎదురుగా లేదు అని ఎంతో గర్వంగా గీత పెడతాను. ఆడుకోవడానికి పంపే ఇళ్ళల్లో కూడా అదే ప్రశ్న అడగమని ఈ దేశపు పిల్లల వైద్యుల సంఘం ఏళ్ళ తరబడి తల్లిదండ్రులకు చెబుతూనే ఉంది. ఆ ప్రశ్న అమెరికావాళ్ళ ఇళ్ళల్లో అడగవలసినదని, మనవాళ్ళ ఇంట అడగడం మర్యాద కాదని నేను అనుకున్నానేమో. ఏమో కూడా లేదు, అలాగే అనుకున్నాను. ఆవకాయలు ఇచ్చిపుచ్చుకునే ఇంట తుపాకి ఉంటుందని నాకు తోచనే లేదు.

"పద్ధెనిమిదేళ్ళు నిండేదాకా నా పిల్లలు తుపాకి ముట్టుకోవడానికి వీల్లేదు" అని కారులో ప్రకటించాను. ఈయన తాపీగా "నువ్వెన్నో ఏట ముట్టుకున్నావు?" అన్నారు. పదహారో ఏట. ఇంటర్ చదివేటప్పుడు ఎన్‌సీసీ శిబిరంలో బోర్లా పడుకుని, ఇదే పాయింటు 22 రైఫిలుతో అయిదు తూటాలు కాల్చాను. మూడు చిల్లులు పడిన ఆ కాగితం నాన్నగారు చాలా ఏళ్ళు బీరువాలో దాచారు. నాకది ఎంత నచ్చిందో ఈయనకు పెళ్ళైన కొత్తలో చెప్పడం నా పొరపాటు. కాల్పులయ్యాక హవల్దారు గారు ఖాళీ తూటాలు లెక్కపెట్టి, ఒకటి తగ్గిందని మమ్మల్నందరినీ వరసగా వంగోబెట్టి గడ్డిలో వెతికించిన సంగతి మాత్రం ఈయనకు గుర్తులేదు. అక్కడ ఒక్క ఖాళీ తూటాకు అంత లెక్క. ఇక్కడ గుడారాలూ గాలాలూ అమ్మే దుకాణంలోనే తూటాల పెట్టెలు పప్పుబెల్లాల్లా పేర్చి ఉంటాయి.

అయితే పదహారో ఏడు కూడా మొదటిసారి కాదు. ఈయనకు చెప్పనిది ఒకటి ఉంది.

గిద్దలూరు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, పక్కిల్లు మునసబు తాతయ్యది. మునసబుగిరీలు 1984లోనే పోయినా ఆయన చివరిదాకా మునసబు గారే. ఆయనకు లైసెన్సు ఉన్న రెండు గొట్టాల తుపాకి ఒకటి ఉండేది. నల్లమల దిగి శనక్కాయ చేలమీద పడే అడవిపందులను బెదరగొట్టడానికి దాన్ని రాత్రిపూట పొలానికి తీసుకువెళ్ళేవారు. పగలు అది నడవలో చిలక్కొయ్యలకు అడ్డంగా, గొడుగు పక్కన వేలాడేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు, ఆ నెలరోజులూ గోడమీద దాని ఆకారంలో ఒక తెల్లటి మచ్చ మిగిలేది. వేసవి సెలవుల్లో ఆయన మగపిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, తుపాకి విరిచి, అంటే కీలు దగ్గర వంచి తెరిచి, గొట్టాలు తుడవడం చూపించేవారు. నేను వెళితే "నీకెందుకే, వెళ్ళి మజ్జిగ పట్టుకురా" అనేవారు. ఆ మజ్జిగ చెంబు మీద కోపం నాకు నలభై దాటినా పోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ నిద్రపోతుండగా, ఆయన మనవడూ నేనూ కుర్చీ వేసుకుని దాన్ని కిందికి దించాము. నాకు ఎనిమిదో తొమ్మిదో. అంత బరువుంటుందని అనుకోలేదు. నూనె వాసన, చల్లటి ఇనుము ఇప్పటికీ గుర్తే. వాడు దాన్ని గోనెసంచి మీద ఆనించి నా వైపు తిప్పి, దీపావళికి రీలు తుపాకి పేల్చినట్టే "ఢాం" అన్నాడు, ట్రిగ్గరు కూడా నొక్కాడు. టక్కుమంది. నేను చచ్చినట్టు నటించి గచ్చుమీద పడ్డాను. ఇద్దరం నవ్వుకున్నాము. నిద్ర లేచిన మునసబు తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. కొట్టలేదు, తిట్టనైనా లేదు. తుపాకి విరిచి గొట్టాల్లోకి చూసి, ఆ తరువాత మొలతాడుకున్న తాళంచెవిని చేత్తో తడిమి చూసుకుని, అక్కడే గడపమీద కూర్చుండిపోయారు.

ఈ కథను ఇన్నేళ్ళూ నాకు నేను ఒక విధంగా చెప్పుకుంటూ వచ్చాను. చిన్నప్పుడే చూశాము, ముట్టుకున్నాము, మోజు తీరింది, అందుకే ఆ ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు, అని. ఈ టపా మొదలుపెట్టినప్పుడు కూడా, సగం దూరం వచ్చాక, పోనీ శనివారం పంపడమే మంచిదేమో అనే వైపుకే మొగ్గుతున్నాను. ఊళ్ళో బావులున్నప్పుడు పిల్లల నడుముకు బెండు కట్టి ఈత నేర్పేవారు కానీ బావి వైపు చూడవద్దని పెంచలేదు కదా. టెక్సస్‌లో తొమ్మిదేళ్ళు నిండితే వేట శిక్షణ ధ్రువపత్రం కూడా ఇస్తారు, మావాడికి తొమ్మిది నిండాయి.

కానీ ఆ తాళంచెవి దగ్గర నా చేయి ఆగిపోయింది. ఆ తుపాకి తుడవడం, విరవడం, దాని నియమాలన్నీ ఆ మనవడికి మా అందరికంటే బాగా నేర్పారు. నేర్చుకున్నవాడే నా వైపు తిప్పి నొక్కాడు. నేనివాళ ఇలా టైపు చేస్తున్నానంటే, తూటాలు ఇనప్పెట్టెలో, దాని తాళంచెవి ఒక ముసలాయన మొలతాడుకు ఉండటం వల్ల. ఆయన అంతసేపు గడపమీద ఎందుకు కూర్చున్నారో నాకివాళ అర్థమైంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే కొట్టిపారేద్దును. 2001లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో అచ్చయిన అట్లాంటా అధ్యయనం ఒకటి ఇందాకే మళ్ళీ చదివాను. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో పదిహేను నిమిషాలు వదిలి, సొరుగులో పేలకుండా చేసిన అసలు తుపాకిని ఉంచారు. 29 జట్లలో 21 జట్లకు అది దొరికింది, 16 జట్లు దాన్ని చేతిలోకి తీసుకున్నాయి, 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గరు నొక్కారు. ముట్టుకున్నవారిలో నూటికి తొంభైమందికి పైగా ఎక్కడో ఒకచోట తుపాకి జాగ్రత్తలు నేర్చుకున్నవారే. ఆ నాలుగు నియమాలను ఎక్కంలా చెప్పిన పిల్లవాడి ముఖమే నాకు కనిపిస్తోంది. ఎక్కం తప్పు కాదు, పిల్లవాడూ తప్పు కాదు. వాడిని చూసి పెద్దవాళ్ళం నిశ్చింతగా ఉండటమే నాకు మింగుడుపడటం లేదు. తూటా నింపిన తుపాకిని జాగ్రత్త చేయకుండా వదిలేసి, అది పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి చిక్కితే ఈ రాష్ట్రంలో నేరం. ఆ నేరాన్ని పిల్లవాడి మీద కాదు, పెద్దవాడి మీదే రాస్తారు.

అయితే ఏ వయసు అంటారా? పద్ధెనిమిది అని కారులో అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మావాడికి ఎప్పుడో ఒకప్పుడు నేనే చూపించి, బరువెంతో, చప్పుడెంతో తెలిసేలా చేయడంలో తప్పులేదనిపిస్తోంది, అది పన్నెండో పద్నాలుగో నాకింకా తేలలేదు. కానీ శనివారం అన్నది రెండో మాట. అంతకంటే ముందు అడగవలసినది రెండేళ్ళు ఆలస్యమైంది. వీడియోలో అత్తయ్యగారికి చెబితే, "అలాంటివి అడిగితే వాళ్ళు ఏమనుకుంటారమ్మా" అన్నారు. ఇన్నాళ్ళూ నేను అనుకున్నది కూడా అదే కనుక ఆవిడను ఏమీ అనలేకపోయాను.

పదకొండుకు వాళ్ళావిడకు మెసేజి పెట్టాను. ఆవడల గురించి నాలుగు మంచి మాటలు రాసి, వాటి కింద, మీ తుపాకులు ఎక్కడ ఉంటాయి, తాళం ఉందా, తూటాలు విడిగా పెడతారా, ఏమీ అనుకోవద్దు అని రాశాను. ఏమీ అనుకోవద్దు అన్నదాన్ని రెండుసార్లు తీసేసి మూడోసారి ఉంచేశాను.

జవాబు వెంటనే వచ్చింది. "అయ్యో, అనుకోవడానికేముంది అక్కా. పెద్దది గరాజులో పెట్టెలో ఉంటుంది. చిన్నది మా గదిలోనే ఎక్కడో ఉంటుంది, తాళం సంగతి నాకూ తెలియదు. ఆయన నిద్రపోయారు, పొద్దున్నే అడిగి చెబుతాను."