సీసాలో ఆడిన నీళ్ళు

మా వాడికి నాలుగేళ్ళు. రాయగడలో పుట్టి పెరిగాడు కాబట్టి వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు. డిసెంబరులో వచ్చిన జ్వరానికి మాత్రం రెండూ మానేసి మూలిగాడు. ఒక సిరప్, ఇంకో సిరప్, తర్వాత యాంటీబయాటిక్. ఆరు రోజులు గడిచాయి. దగ్గర్లోని క్లినిక్‌లో "చలికాలం కదమ్మా, తగ్గిపోతుంది" అన్నారు. నేనూ నమ్మాను.

సంగతి పట్టుకున్నది మా అత్త. "గుంటడు కుడిపక్కకే ఒరిగి తొంగుంటన్నాడు, ఇటు తిప్పితే ఏడుస్తన్నాడు, చూసినావా?" అంది. చొక్కా విప్పితే పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. ఫోన్‌లో టైము పెట్టి ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి 58 సార్లు. ఈ వయసులో 40కి చేరితేనే డాక్టరుకి చూపించాలట. నాకు ఎవరు చెప్పారు గనక!

ఆ రాత్రే కారు మాట్లాడుకుని పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖపట్నం చేరాం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది సగమంతా తెలుపు. స్కానింగ్ చేసిన డాక్టరు స్క్రీన్ మా వైపు తిప్పి, ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టి గూళ్ళు కట్టిందని, దీన్ని ఎంపయీమా అంటారని చెప్పారు. సూదిమందు ఒక్కటే చాలదు, చీము బయటికి తీయాలన్నారు. "నిమోనియా టీకా వేయించాం కదా సార్" అన్నాను. అది న్యుమోకాకస్ అనే ఒక్క క్రిమికేనట, నిమోనియా తెచ్చేవి ఇంకా చాలా ఉన్నాయట.

మత్తిచ్చి పక్కటెముకల మధ్య ట్యూబు వేశారు. గూళ్ళు కరగడానికి యూరోకైనేజ్ అనే మందు, పూటకి 40,000 యూనిట్లు. ట్యూబులోంచి లోపలికి ఎక్కించి, మందు బయటికి రాకుండా నాలుగు గంటలు ట్యూబుకి క్లాంపు పెట్టి మూసేవారు. రోజుకి రెండుసార్లు, మూడు రోజులు. దీనికీ లొంగకపోతే కెమెరాతో ఆపరేషన్.

ట్యూబు రెండో కొస మంచం కింద నీళ్ళున్న సీసాలో ఉండేది, చీము అందులోకే దిగేది. నా ప్రాణమంతా ఆ సీసాలోనే. పొద్దున్నే సిస్టర్ మట్టం దగ్గర ప్లాస్టరు ముక్క అంటించి తేదీ రాసేది. వాడు ఊపిరి తీసినప్పుడల్లా గొట్టంలో నీళ్ళు పైకీ కిందికీ ఆడాలి. ఒక రాత్రి రెండింటికి చూస్తే ఆడటం లేదు. సిస్టర్ వచ్చి దుప్పటి తీసింది. వాడు ట్యూబు మీద పడుకున్నాడు! కాస్త జరపగానే నీళ్ళు కదిలాయి. నాకు మాత్రం తెల్లారేదాకా కాళ్ళ వణుకు తగ్గలేదు.

ట్యూబు వేశాక కూడా నాలుగు రోజులు జ్వరం వస్తూనే ఉంది. చీముని ల్యాబులో పెట్టి క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షలో ఏ క్రిమీ పెరగలేదు, ముందే యాంటీబయాటిక్ పడింది కాబట్టి అలా జరగొచ్చన్నారు. ఆపరేషన్ మాట వచ్చిన రోజే జ్వరం దిగింది. ట్యూబు తీసేశాక సీసా ఇంటికి తీసుకెళ్దామని వీడి పేచీ. ఇడ్లీ పెట్టి మరిపించాం.

ఎక్స్‌రే శుభ్రపడటానికి మూడు నెలలు పట్టింది. పక్కటెముకల దగ్గర బఠాణీ గింజంత మచ్చ మిగిలింది. బడిలో అది తుపాకీ గుండు దెబ్బ అని చెప్పుకుంటున్నాడట, ఒడియాలో.