ఇథియోపియాను వదిలేసిన రోజులు

రెండో ప్రపంచ యుద్ధం 1939 సెప్టెంబరు 1న పోలండ్‌పై జర్మనీ దాడితో మొదలైందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. తేదీ సరైనదే అయినా, ఆ యుద్ధానికి మూలాలు వెతికిన ప్రతిసారీ నా దృష్టి 1935 అక్టోబరు 3 మీదే నిలుస్తుంది. ఆ రోజు ఇటలీ సేనలు యుద్ధం ప్రకటించకుండానే ఎరిట్రియా వైపు నుంచి ఇథియోపియాలోకి చొరబడ్డాయి.

అప్పటికి ముస్సోలినీ ఏలుబడికి పదమూడేళ్లు. 1922లో ఆయన ఫాసిస్టు పార్టీకి చెందిన నల్లచొక్కాల దళాలు రోమ్‌ మీదికి బయలుదేరినప్పుడు, సైనిక శాసనం విధించే ఉత్తర్వుపై సంతకం చేయడానికి నిరాకరించిన రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్, ఆయననే పిలిచి ప్రధాని పదవి కట్టబెట్టాడు. 1924లో ఎన్నికల అక్రమాలను పార్లమెంటులో ఎండగట్టిన సోషలిస్టు నాయకుడు మత్తెయొత్తిని రెండు వారాలు తిరక్కముందే ఫాసిస్టులు చంపేశారు. ఆ తర్వాత స్వదేశంలో ఎదురన్నదే లేకుండా చేసుకున్న ఆ పాలన, 1896లో అడువా వద్ద ఇథియోపియా సేనల చేతిలో ఇటలీకి జరిగిన పరాభవానికి ప్రతీకారం తీర్చుకుంటామంటూ ఆఫ్రికా మీద కన్నేసింది.

ఇథియోపియా నానాజాతి సమితిలో సభ్యదేశం. నాలుగు రోజుల్లోనే ఇటలీని దురాక్రమణదారుగా తేల్చిన సమితి, నవంబరులో ఆంక్షలు కూడా అమలు చేసింది. అయితే వాటిలో చమురు లేదు, ఇటలీ సైన్యాన్ని మోసుకెళ్లే ఓడలకు సూయజ్ కాలువనూ మూయలేదు. చమురు ఆపి ఉంటే వారం రోజుల్లో వెనుదిరగవలసి వచ్చేదని 1938లో మ్యూనిక్‌లో ముస్సోలినీ స్వయంగా హిట్లర్‌తో అన్నట్టు జర్మన్ దుబాసీ రాసిపెట్టాడు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు బాధ, కోపం రెండూ కలుగుతాయి. హిట్లర్‌ను అదుపు చేయడానికి ముస్సోలినీ అక్కరకొస్తాడన్న ఆశతో బ్రిటన్, ఫ్రాన్స్ ఒక దేశాన్నే పణంగా పెట్టాయి. డిసెంబరులో బ్రిటిష్ విదేశాంగ మంత్రి హోర్, ఫ్రాన్స్ ప్రధాని లావాల్ కలిసి ఇథియోపియాలో పెద్ద భాగాన్ని ఇటలీకి అప్పగించే పథకం రహస్యంగా సిద్ధం చేశారు. అది పత్రికలకు పొక్కడంతో హోర్ రాజీనామా చేయవలసి వచ్చింది.

విషవాయువులను నిషేధించిన 1925 నాటి జెనీవా ఒడంబడికను ఆమోదించిన ఇటలీయే, విమానాల నుంచి సైనికుల మీద, పల్లెల మీద, పశువుల మీద, నీటి వనరుల మీద మస్టర్డ్ గ్యాస్ కురిపించింది. ఐరోపా ఆ యుద్ధంలో తలమునకలై ఉండగానే, 1936 మార్చి 7న హిట్లర్ ఒప్పందాలను తుంగలో తొక్కి, జర్మనీ సైన్యం ఉండకూడదన్న సరిహద్దు ప్రాంతం రైన్‌లాండ్‌లోకి సైన్యాన్ని నడిపించాడు. ఎవరూ అడ్డుపడలేదు. అదే నెలలో రోమ్ మీదుగా స్వదేశానికి వస్తున్న నెహ్రూ, ముస్సోలినీ పంపిన ఆహ్వానాన్ని తిరస్కరించాడు. అధికారం లేని ఒక వలస దేశపు నాయకుడు చూపిన ఆ పట్టుదల, సామ్రాజ్యాలను ఏలుతున్న ప్రభుత్వాలకు లేకపోయింది.

మే 5న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా ఇటలీ వశమైంది. జూన్ 30న జెనీవాలోని సమితి సభలో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ ప్రసంగించడానికి లేవగానే ఇటలీ విలేఖరులు ఈలలు వేసి గోల చేశారు. వారిని బయటికి పంపించాక ఆయన అమ్హారిక్‌లో తన ప్రజల గోడు చెప్పుకున్నాడు. సమితి విన్నది, జూలై 15న ఆంక్షలను ఎత్తివేసింది. రెండు రోజులకే స్పెయిన్ సైన్యాధికారులు తమ రిపబ్లిక్‌పై తిరుగుబాటు లేవదీశారు, ఆ నెల ముగిసేలోగా వారికి హిట్లర్, ముస్సోలినీ ఇద్దరి విమానాలూ అందాయి. నవంబరు 1న మిలన్ సభలో ముస్సోలినీ రోమ్–బెర్లిన్ అక్షాన్ని, అంటే ఇటలీ, జర్మనీల జోడీని, బాహాటంగా ప్రకటించాడు.