కంప అని రాసినందుకు

అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన కాగితపు కలప నరికించే ఒక సంస్థలో అడవి పటాలు తయారు చేయడం నా ఉద్యోగం. ఆస్పెన్ అనే కాగితపు కలప చెట్ల పన్నెండేళ్ల తోపు ఒకదానికి ఎదురుగా నేను "పనికిరాని కంప, పలచన చేయాలి" అని రాసినందుకు, మా పై అధికారిణి గత జనవరిలో అందరి ముందే "మీరు ఆ తోపులో ఎప్పుడైనా అడుగు పెట్టారా?" అని అడిగారు. పెట్టలేదు.

మరునాడు తెల్లవారకముందే, మైనస్ 28 డిగ్రీల చలిలో, ఆమె నన్ను అక్కడికి తీసుకువెళ్లారు. మోకాలి లోతు మంచు మీద ఒక్క జాడైనా లేదు. ఉన్నట్టుండి నా బూటుకు రెండడుగుల దూరంలో మంచు పగిలి, రఫ్డ్ గ్రౌస్ అనే అడవికోడి టపటపమంటూ లేచిపోయింది. వంగి చూస్తే లోపల కోడి పట్టేంత గుంట, అందులో వంకర పుల్లల్లాంటి రెట్టలు గుప్పెడు ఉన్నాయి.

మంచు పొడిగా, 25 సెంటీమీటర్లకు మించి ఉంటే ఆ పక్షి అందులో దూరి పడుకుంటుంది. బయట ఎంత చలి ఉన్నా లోపల సున్నాకు కాస్త దిగువనే ఉంటుంది. వాన పడి మంచు పైన పెంకు కట్టిందా, ఆ దారి మూసుకుపోయి స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల కొమ్మల చాటే గతి అవుతుంది. డేగ నుంచి కాపాడేవి మాత్రం నేను కంప అన్న ఆ పిలకలే: నరికిన ఆస్పెన్ వేళ్ల నుంచి ఎకరానికి వేల సంఖ్యలో లేచిన ఆ సన్నని మొక్కల మధ్య డేగ వేగంగా దూసుకురాలేదు. మొగ్గలు తినడానికి ముదురు ఆస్పెన్లు పక్కనే ఉంటే, పక్షి చలిలో దూరం తిరిగి ఒంట్లో శక్తిని పోగొట్టుకోనక్కరలేదు.

ఇదంతా సరే, కనిగిరి దగ్గర పుట్టినవాడు చిల్లచెట్లను చూసి కంప అనక మరేమంటాడు? చేనంతా ఆక్రమించే ఆ ముళ్లను కొట్టించడం మాకు తప్పు కాదు, అవసరం. అయితే గట్ల మీది రేగు, బలుసు పొదలు చిల్లకంప కావు. వైశాఖపు ఎండలో కముజు పిట్టలు తలదాచుకునేది వాటి నీడలోనే. మూడేళ్ల క్రితం ఆ గట్లను జేసీబీతో నున్నగా చేయించమని పోరింది నేనే, వచ్చిన ఫోటో చూసి మురిసిందీ నేనే.

ఆస్పెన్ తోపు చూసి వచ్చిన రాత్రి నాన్నకు ఫోన్ చేసి కముజులు కూస్తున్నాయా అని అడిగాను. "ఎక్కడ అబ్బయ్యా, జామాయిల్లో కూడా వినపడటం లేదు" అన్నారు, ఆ వెంటనే సుబాబుల్ ధర పడిపోయిన సంగతికి వెళ్లిపోయారు.

పటంలో కంప అన్న మాట కొట్టేసి "చలికాలపు చాటు" అని రాశాను. ఆ అధికారిణి చూసి సంతకం చేశారే గాని ఒక్క మాట అనలేదు; అందరి ముందు అడిగిన దానికన్నా అదే నన్ను ఎక్కువగా గుచ్చుతోంది.